అడుగునది వేరు, కావలసినది వేరు

సింగరాయకొండ మీదుగా రైలుమార్గమును జాతీయ రహదారియు పోవుచున్నవి. పడమటి మెట్ట గ్రామముల నుండి పొగాకు, మిరప, సెనగ, తూర్పున పాకల తీరము నుండి చేపలు ఈ ప్రాంతపు బజారులకు చేరుచుండును. ఇట్టి యూరిలో నివసించు కుటుంబము తెల్లవారినది మొదలు దీపము పెట్టు వేళ వరకు పది బేరములైనను చేయక తప్పదు. ఆటోవానితో బాడుగ, మేస్త్రితో కూలి, భూమి యజమానితో కౌలు, బ్యాంకులో వాయిదా, వియ్యాలవారితో లాంఛనములు, తుదకు ఇంటిలో ఎదిగిన కుమారునితో చదువు సంగతి, ఇవన్నియు బేరములే. అయినను బేరమన్నంతనే జనులకు తోచునది కూరగాయల గంప యెదుట జరుగు రూపాయి తగాదా మాత్రమే. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని పెద్దలనిరి. ఆ మాట సత్యమే కాని, బేరములు చెడుట నోటి దురుసు వలన కంటె చెవి మాంద్యము వలననే యెక్కువ. ఎదుటివాడు అడుగుచున్నదానిని అందరును విందురు. అతనికి కావలసినదేమో వినువారు అరుదు.

ఈ భేదము కౌలు విషయమున తేటగా కనబడును. ఒంగోలులో స్థిరపడిన ఒక విశ్రాంత ఉపాధ్యాయునకు సింగరాయకొండ దాపున నాలుగెకరముల మెట్ట కలదనుకొనుడు. ఒక రైతు అయిదేండ్లుగా దానిని కౌలునకు సాగుచేయుచున్నాడు. ఉగాదికి ముందు అతడు ఒంగోలు పోయి కూర్చుండెను.

"అయ్యా, ఈ ఏడు కౌలు కాగితం రాసియ్యండి."

"కాగితమెందుకయ్యా? ఇన్నేళ్ళూ మాట మీద నడవలేదా?"

"కాగితం లేకుంటే చెయ్యలేనండీ."

"అయితే మానుకో."

నాలుగు మాటలతో అయిదేండ్ల సంబంధము తెగినది. వీరిలో చెడ్డవాడెవడును లేడు. ఒకడు కాగితము కావలెననెను, ఒకడు వలదనెను. కావలెను, వలదు అను రెంటికి నడుమ దారి యుండదు. కాని వారికి నిజముగా కావలసినవి ఇవి కావు. కాగితము లేనిదే కౌలుదారునకు బ్యాంకులో పంట ఋణము దొరకుట దుర్లభము. పంట పోయిన యేడు నష్టపరిహారము వచ్చినను అది తరచు పట్టాదారు పేరిటనే జమయగును. కావున అతడు అధిక వడ్డీకి బయట అప్పు తెచ్చి సాగుచేయవలసి వచ్చుచున్నది. అతనికి కావలసినది కాగితము కాదు, అప్పు పుట్టుట. ఉపాధ్యాయునకో, రికార్డులో కౌలుదారు పేరు ఎక్కినచో భూమి చేజారునేమోనను భయము. ఈ భయము ఊరక పుట్టినది కాదు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టమును, 1973 నాటి భూపరిమితి చట్టమును చూచిన తరమువారు ఇండ్లలో చెప్పుకొన్న మాటలు ఇంకను మాసిపోలేదు. అతనికి కావలసినది కాగితము లేకుండుట కాదు, హక్కు చెదరకుండుట.

ఒకనికి అప్పు, ఒకనికి హక్కు. ఈ రెండును ఒకదానితో నొకటి పోట్లాడునవి కావని గ్రహించినంతనే దారి కనబడును. ప్రభుత్వము వారు సైతము ఈ ముడిని ఇట్లే విప్పజూచిరి. 2011లో సాగుదారులకు ఋణ అర్హత కార్డులిచ్చు చట్టము వచ్చెను. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టము, యజమాని సంతకముతో పదునొకండు నెలలకు ఒప్పందము వ్రాసికొని, పంటపై మాత్రమే సాగుదారునకు హక్కు కల్పించు కార్డు నేర్పరచెను. భూమి హక్కునకు దాని వలన భంగము లేదని చట్టముననే చెప్పిరి. భూమి కాగితము వేరు, పంట కాగితము వేరు అని విడదీయుటయే అందలి కీలకము. అయినను సంతకమునకు వెనుదీసిన యజమానులు కలరు. ఏలయన, చట్టము వ్రాసినంత మాత్రమున భయము పోదు. ఎదురుగా కూర్చుండి ఆ భయమును పైకి చెప్పించువాడు కావలెను. అదే సంభాషణము మరియొక విధముగ నడచినచో:

"అయ్యా, కాగితం రాస్తే తమకు వచ్చే ఇబ్బందేమిటో చెప్పండి."

"రేపు నీ పేరు ఎక్కితే పొలం నాది కాదంటారేమోనని."

"అంటే, పొలం మీద మీ హక్కు చెదరదని తేలితే అభ్యంతరం లేదన్నమాట."

"అంతే. పిల్ల పెళ్ళికి అమ్ముకోవాల్సి వస్తే అడ్డం రాకూడదు గదా."

"నాకు కావలసింది పొలం కాదయ్యా, బ్యాంకు అప్పు. పదకొండు నెలలకు రాసుకుందాం. ముందు రెవెన్యూ ఆఫీసులో మీరే అడిగి తెలుసుకోండి, ఆ తర్వాతే సంతకం."

ఇందు రైతు చేసినవి మూడు స్వల్పమైన పనులు. ఎందుకివ్వరని అడుగక, ఇచ్చిన వచ్చు ఇబ్బంది యేమని అడిగెను. తెలుగున "ఎందుకు" అను ప్రశ్న సగము నిలదీయుటయే. "ఎందుకు ఆలస్యమైంది?" అని అడిగిన తల్లికి పిల్లవాడు సాకు చెప్పును గాని సంగతి చెప్పడు. రెండవది, యజమాని చెప్పినదానిని తన నోట తిరిగి చెప్పి సరియేనా యని చూచెను. మూడవది, తన అవసరమును కడపట చెప్పెను. తన మాట విన్నారని తెలిసిన తరువాతనే మనుష్యుడు ఇతరుల మాట వినును. పరిహారమును తానే తీర్పుగా చెప్పక, రెవెన్యూ కార్యాలయములో విచారించుకొమ్మనుట కూడ తెలివిగల పనియే. భయపడినవానికి అవతలి పక్షమువాడిచ్చు హామీ కంటె తాను స్వయముగ తెలిసికొన్న సంగతి గట్టిది.

అమెరికా దేశమున మేరీ పార్కర్ ఫాలెట్ అను విదుషి (1868–1933) ఈ సూత్రమును ఒక కిటికీ కథతో చెప్పెను. గ్రంథాలయమున ఒకరు కిటికీ తెరవవలెననిరి, ఫాలెట్ మూయవలెననెను. పక్క గదిలోని కిటికీ తెరచిరి. అవతలివారికి కావలసినది గాలి, ఆమెకు కావలసినది ఉత్తరపు గాలి సూటిగా తన మీద కొట్టకుండుట. సగము తెరచి సగము మూసినచో ఇద్దరికిని తృప్తి యుండెడిది కాదు. తరువాత 1981లో రోజర్ ఫిషర్, విలియమ్ యూరీ అను వారు దీనినే విస్తరించి ప్రసిద్ధమైన గ్రంథము వ్రాసిరి. మన గ్రామములలో "చెరి సగం చేసుకోండి" అను తీర్పు సుళువుగా దొరకును. అది కలహమును ఆపును, నిజమే. కాని ఇద్దరి అవసరములను అడిగి తెలిసికొనుటకు ముందే చెరి సగము చేయుట, రోగమడుగక మందిచ్చినట్లు.

భాష విషయమున తెలుగువారికొక భాగ్యము కలదు. "మేము" వేరు, "మనము" వేరు. ఇంగ్లీషున రెంటికి ఒకటే మాట. మిరపకోత కూలి దగ్గర "మేమింతకంటే ఇవ్వలేము" అన్నచో గీత గీసినట్లగును. "ఈ కోత నాలుగు రోజుల్లో ముగియాలంటే మనం ఎట్లా చేద్దాం?" అన్నచో మేస్త్రి కూడ ఆలోచనలో కూర్చుండును. అయితే పని దగ్గర "మనము" అని, లాభము దగ్గర "మేము" అనువానిని కూలివారు ఒక్క కోతలోనే గుర్తింతురు. ఆపై అతని "మనము"నకు విలువ యుండదు. అట్లే "చూద్దాంలే" అను మాట. మర్యాదకు లేదనలేక పలుకు మాట యిది. వినినవాడు సగము ఒప్పుకోలని తలచి ఇంటికి పోవును, చెప్పినవాడు మరచిపోవును. ఎన్నియో పెండ్లి మాటలును బాకీలును ఈ మాట క్రింద నలిగిపోయినవి. "మంచిదండీ, ఎప్పుడు రమ్మంటారు?" అని వినయముగ నొక దినమడుగుటయే దీనికి మందు. దినము చెప్పినచో ఆశ యున్నది. చెప్పకున్న అది నిరాకరణమని తెలిసి వేరు దారి చూచుకొనవచ్చును.

కూలి సంగతియే ఇంకొంచెము చూడవలసియున్నది, ఇందు నలుగువారు స్త్రీలు గనుక. ముఠా తరపున మేస్త్రి యాభై రూపాయలు పెంచుమనెను, రైతు ధర లేదనెను అనుకొనుడు. పండిన కాయ చెట్టున నిలిచిపోవుచున్నది, ముఠా వేరొక చేనికి పోవుటకు సిద్ధముగ నున్నది. అప్పుడు రైతు భార్య ముఠాలోని పెద్దామెను పక్కకు పిలిచి, "పెద్దమ్మా, యాభై దేనికి చాలక అడుగుతున్నారో చెప్పు" అనెను. తేలినదేమనగా, పొరుగూరి నుండి వచ్చుటకు ఆటో బాడుగ వారే పెట్టుకొనుచున్నారు. చీకటి పడి ఇల్లు చేరుటచే పిల్లల కూడు ఆలస్యమగుచున్నది. ఆటో రైతు పెట్టుకొని, పని ఒక గంట ముందు మొదలుపెట్టి ముందు ముగించుట, ఇరువది రూపాయలు పెంచుట, ఇట్లు కుదిరినది. ఇది అన్ని చోట్ల ఇంత సుళువుగ తేలునని కాదు. కూలి నిజముగనే చాలని చోట కూలి పెంచుటయే న్యాయము, అక్కడ తియ్యని మాటలు మోసమగును. కాని అడుగక పోయినచో ఆటో సంగతి, పిల్లల సంగతి ఎన్నటికిని బయటపడెడివి కావు. అందరి యెదుట మేస్త్రి వాటిని చెప్పడు. చెప్పిన, బలహీనత చూపినట్లగునని అతని భయము.

ఒంగోలు జాతి ఎడ్ల వలన పేరొందిన ఈ సీమవారికి అందరి యెదుట అను మాటలోని ఇబ్బంది తెలియనిది కాదు. పశువుల సంతలలో తుండుగుడ్డ చాటున వేళ్ళు పట్టి ధర చెప్పుకొను పద్ధతి చిరకాలముగ కలదు. చూచువారికి అది గుట్టు వ్యాపారముగ తోచును. అందు దళారులకు అనుకూలించు లోపము కూడ లేకపోలేదు. కాని దానియందొక మానవ స్వభావ జ్ఞానము కలదు. తక్కువ ధర అడిగినవాడు నలుగురిలో నవ్వులపాలు కాడు. తన మొదటి ధర నుండి దిగివచ్చినవాడు ఓడినట్లు కనబడడు. మాట వెనుకకు తీసికొను అవకాశము మిగులును. గుడ్డ క్రింద ఉపన్యాసములు లేవు. వేళ్ళు పట్టిన తరువాత ఇద్దరును మౌనముగ నుందురు. ధర చెప్పినవాడు వెంటనే తన ధరకు తానే సంజాయిషీ చెప్పుకొనుట మొదలిడినచో, ఎదుటివాడు నోరు మెదపకముందే అతడు దిగివచ్చును. అంకె చెప్పి ఊరకుండుట కష్టమైన విద్య. ఇంటి విషయములలో గుడ్డకు బదులు అరుగు చాలును. అల్లుని ఉద్యోగము, కుమారుని అప్పు, అన్నదమ్ముల పంపకము బంధువులు మూగిన పెండ్లి పందిరిలో ఎత్తదగిన మాటలు కావు.

మిరప యార్డున ఇంకొక రీతి మాట కావలెను. గుంటూరు చేరిన రైతుతో "సరుకు బాగాలేదు" అనుట కొనువారి అలవాటు. "ఎంత కష్టపడి పండించామో తెలుసా?" అనుట రైతు అలవాటు. ఈ రెండు మాటలును ఎక్కడను కలియవు. "ఏది బాగాలేదు? తేమా, తాలా, రంగా?" అని అడిగినచో మాట నేలకు దిగును. తాలు అన్నచో "ఏ టిక్కీలో? విప్పి చూద్దాం" అనవచ్చును. అప్పుడు కోత మొత్తము సరుకు మీద పడక, తాలున్న టిక్కీల మీద మాత్రమే పడును. విశేషణమును విడిచి వస్తువును పట్టుకొనుట ఇందలి కిటుకు. పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దమున బసవపురాణమును పండితుల ప్రౌఢిలో గాక, ద్విపదలో జాను తెనుగున చెప్పుటకు కారణము కూడ వినువాని చెవికి చేరవలెననుటయే. బ్యాంకు మేనేజరు "రీషెడ్యూలు" అనినచో తల యూపి వచ్చుట కంటె, "అంటే నేను ఏ నెలలో ఎంత కట్టాలండీ?" అని అడుగుట అవమానము కాదు.

న్యాయమునకు మూడవవాని కొలబద్ద తోడైనచో మాట ఇంకను తేలికయగును. పొగాకు సంగతి చూడుడు. వేలములు రాకముందు సరుకు గ్రేడు తేల్చువాడును, ధర చెప్పువాడును, కొనువాడును తరచు ఒకడే. రైతు ఎంత చక్కగ మాటలాడినను ఆ ఒక్క నోటిని దాటి పోజాలడు. పొగాకు బోర్డు 1976లో ఏర్పడి గుంటూరు కేంద్రముగ పనిచేయ మొదలిడెను. కర్ణాటకమున 1984లోను, ఆంధ్రమున 1985లోను బోర్డు వేలములు ఆరంభమయ్యెను. టంగుటూరు, కొండపి వేలము కేంద్రములలో బేలు మీద గ్రేడు వ్రాయుట ఒకరి పని, కొనుట ఇంకొకరి పని. పలికిన ధర నచ్చనిచో రైతు అమ్మకుండవచ్చును. వేలముతో రైతు కష్టములన్నియు తీరలేదు. కొనువారు కూడబలుక్కొని ధర తగ్గించుచున్నారను ఆరోపణలు, వేలము నిలిపివేసిన దినములు ఈ కేంద్రములకు కొత్త కావు. అయినను కొలబద్ద వేరొకని చేతిలో నుండుట ఎంత మేలో దీని వలన తెలియును. ఇంటి పంపకములోను సర్వేయరు కొలత, కాటా చీటీ, ఆనాటి పత్రికలో పడిన మార్కెట్టు ధర ఇట్టి పనియే చేయును. "నీవన్నది కాదు, నేనన్నది కాదు, కాటా చెప్పినది" అనుకొన్న చోట అన్నదమ్ములలో నెవరును ఓడిపోరు.

మాట నేర్పునకు ఒక హద్దు కలదు. దానిని దాచుట పాఠకులకు ద్రోహము. 2017లో మిరప ధర పడిపోయినపుడు ఎంతటి వాక్చతురుడును యార్డున ధర పెంచలేకపోయెను. ఆ యేడు మే నెలలో కేంద్ర ప్రభుత్వము క్వింటాలు 5000 రూపాయల చొప్పున కొనుటకు అనుమతింపవలసి వచ్చెను. అట్టి వేళ బలమిచ్చునది నాలుక కాదు, ఈ బేరము కుదరకున్న మరియేమి చేయుదునను ప్రశ్నకు ముందే సిద్ధపరచుకొన్న సమాధానము. శీతల గిడ్డంగిలో సరుకుంచి ఆగగలవాని స్వరము వేరు, లారీ కిరాయి పెరుగుచుండగా సాయంత్రములోగ అమ్మవలసినవాని స్వరము వేరు. ఎదుటివాడు మాటలను కాక ఆ స్వరమునే వినును. బయలుదేరుటకు ముందు రాత్రి చేయవలసిన పని ఇదియే. ఎంతకు తక్కువైన అమ్మరాదో, అమ్మకున్న సరుకెక్కడ నుంచవలెనో భార్యాభర్తలు కూర్చుండి అనుకొనవలెను.

ఎంత కావలెనో ముందే ఎరుగుట తక్కువగ అమ్ముకొనకుండుటకు మాత్రమే కాదు. శరణుల సంప్రదాయమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ప్రసిద్ధము. రాలిన బియ్యపు గింజలేరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యము కంటె ఎక్కువ బియ్యము తేగా, లక్కమ్మ అవసరమునకు మించినదానిని తిరిగి ఇచ్చి రమ్మనెను. ఈ కథను ఆశకు విరుగుడుగ చెప్పుట పరిపాటి. బేరము చేయువాని కన్నుతో చూచిన, ఆమె ఆ యింటి కొలతను ఎరిగిన మనిషి. కొలత నెరిగినవాడు బేరమున గెలిచిన చోట కూడ ఆపుట నేర్చును. మేస్త్రిని పీడించి చివరి అయిదు రూపాయలు తగ్గించిన రైతునకు మరుసటి కోతకు ముఠా దొరకదు.

ఒక్కరు కాక పదిమంది మాటలాడవలసి వచ్చినపుడు పొరుగున నున్న నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు చూపిన దారి తలపవలసినది. 1992లో ఆ యూరి స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో సీతమ్మ కథ యను పాఠము చదివి సారా దుకాణము మీదికి నడచిరి. తాగుడు తగ్గవలెనని కాని, మగవారు మారవలెనని కాని వారు కోరలేదు. అట్టి కోరికలకు "చూద్దాంలే" యని ఎవరైనను అనవచ్చును. ఊరిలో సారా దుకాణము ఉండరాదని మాత్రమే యనిరి. అది నెరవేరినదో లేదో మరునాటి ఉదయము వీధిలోకి వచ్చి చూచిన తెలియును. చదువు రాని స్త్రీయు చెప్పగలిగినంత చిన్న మాట గనుకనే అది ఊరూర పాకెను. జిల్లాలో సారా వేలములు మరల మరల వాయిదా పడెను. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అదే యేడు అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడుట వేరు కథ. వీధి దీపమునకో, మంచినీటి కుళాయికో పంచాయతికి పోవు మహిళలు అర్జీలో పది కోరికలు వ్రాయుట కంటె, తేదీతో కూడిన ఒక్క కోరిక వ్రాయుట మేలు.

కుదిరిన బేరమును తిరిగి పైకి చెప్పుకొనుట చాలమంది విడిచిపెట్టు మెట్టు. ఒప్పుకొన్న సంతోషములో లేచిపోవుదురు. ఎవరు, ఎంత, ఎప్పుడు అను మూడింటిని ఇద్దరును తమ తమ నోట చెప్పి, ఒక నోటుపుస్తకమున వ్రాసికొన్నచో సగము తగాదాలు పుట్టవు. నాలుగవ ప్రశ్న యొకటి కలదు. అది అశుభముగ తోచుటచే ఎవరును అడుగరు. పంట పోయినచో నేమి? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దాపున తీరము దాటినపుడు ఈ సీమలో చేలు మునిగినవి. ముందే ఈ మాట అనుకొన్న చోట కౌలు సంగతి ఒక పూటలో తేలును. అనుకొనని చోట యజమాని పూర్తి కౌలు అడుగును, రైతు అసలే లేదనును, ఇద్దరును న్యాయమే పలుకుచున్నామనుకొందురు. విత్తనము వేయకముందు, ఇద్దరికిని ఇంకను నష్టము కలుగనప్పుడు, ఆ ఉపాధ్యాయుని అరుగు మీద సంతకమునకు ముందు ఆ రైతు అడుగవలసిన కడపటి ప్రశ్న యిది: "అయ్యా, తుఫానొచ్చి చేను పోతే కౌలు ఎంత అనుకుందాం?"